ఉమ్మడి బాడుగ, ఫర్మ్, పన్ను: ఉరవకొండ కుటుంబాలు తెలుసుకోవాల్సిన లెక్క

ఉరవకొండ చుట్టుపక్కల వానను నమ్ముకుని బతకడం కష్టం. దేశంలోనే తక్కువ వర్షం పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. వేరుశనగ చేతికొచ్చిన ఏడు అప్పు తీరుతుంది, రాని ఏడు అప్పు పెరుగుతుంది. అందుకే నాలుగు రూపాయలు మిగిలిన కుటుంబం, గల్ఫ్‌లోనో బెంగళూరులోనో ఒక కొడుకు సంపాదిస్తున్న కుటుంబం, బజారులో రెండు మూడు అంగడి గదులు కట్టి బాడుగకు ఇస్తుంది. వాన పడినా పడకపోయినా నెల మొదట్లో బాడుగ వస్తుంది.

అబ్బా ఉన్నంతకాలం లెక్క ఒక్కరిదే. ఆయన పోయాక అమ్మీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ హక్కుదారులే. ఒకరు ఊళ్లో ఉండి బాడుగ వసూలు చేస్తారు, ఒకరు కువైట్‌లో ఉంటారు, చెల్లెలు అత్తగారింట్లో ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "అందరూ కలిసి ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టుకోండి. లెక్క సులువు, పన్ను తక్కువ."

లెక్క సులువు కావచ్చు. పన్ను మాత్రం చాలాసార్లు తగ్గదు, పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు రెండు మాటలకు తేడా తెలియాలి: ఉమ్మడి యజమానులు వేరు, భాగస్వాములు వేరు.

ఉమ్మడి ఆస్తి ఉన్నంత మాత్రాన భాగస్వామ్యం కాదు

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం సెక్షన్ 6లో ఈ విషయం స్పష్టంగా ఉంది. ఒక ఆస్తి మీద ఉమ్మడి హక్కు ఉన్నవాళ్లు దాని మీద వచ్చే రాబడిని పంచుకున్నంత మాత్రాన భాగస్వాములు అయిపోరు. భాగస్వామ్యం అంటే అందరూ కలిసి, లేదా అందరి తరఫున కొందరు, ఒక వ్యాపారం నడిపి లాభం పంచుకోవాలని చేసుకున్న ఒప్పందం. అబ్బా వదిలివెళ్లిన గదుల బాడుగను పంచుకోవడం వ్యాపారం కాదు, హిస్సా పంచుకోవడం.

ఆదాయపు పన్ను చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. 1961 చట్టం సెక్షన్ 26 ప్రకారం ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది యజమానులు ఉండి, ఎవరి వాటా ఎంతో కచ్చితంగా తెలిసినప్పుడు, ఆ ఇంటి ఆదాయాన్ని అందరినీ కలిపి ఒక గుంపుగా లెక్క కట్టరు. ఎవరి వాటా వాళ్ల సొంత ఆదాయంలో కలుస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ మూల సూత్రం మారలేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి ఇక్కడ పాత నంబర్లే ఇచ్చాం.

విరాసత్‌లో వాటా ముందే తేలి ఉంటుంది

హిందూ అవిభక్త కుటుంబం అనే పన్ను హోదా ముస్లిం కుటుంబాలకు లేదు. దాని అవసరం కూడా ఇక్కడ రాదు. ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం మనిషి చనిపోయిన క్షణంలోనే వారసుల హక్కు మొదలవుతుంది. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు ఇవ్వకుండా మిగిలిన మెహర్ కూడా అప్పే. ఆ తర్వాత వసియ్యత్ ఉంటే మూడో వంతుకు మించకుండా అమలు చేయాలి. మిగిలింది వారసుల హిస్సా. అంటే సెక్షన్ 26 అడిగే "కచ్చితమైన వాటా" ఈ కుటుంబాల్లో పత్రం రాసుకోకముందే తేలి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉరవకొండ బజారులో నాలుగు అంగడి గదులు. అబ్బా మర్హూమ్ అయ్యారు. వారసులు అమ్మీ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. హనఫీ లెక్కన అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. మిగిలిన 87.5 శాతంలో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఒక్కో కొడుక్కి 35 శాతం, కూతురికి 17.5 శాతం.

గదికి నెలకు 6,000 రూపాయలు. నాలుగు గదులకు 24,000. ఏడాదికి 2,88,000. ఇంటి పన్ను 8,000 కట్టారనుకుందాం. మిగిలింది 2,80,000. దీనిలో 30 శాతం, అంటే 84,000 చట్టమే తీసేస్తుంది. రిపేరు చేయించినా చేయించకపోయినా, రసీదు ఉన్నా లేకపోయినా ఈ 30 శాతం మినహాయింపు వస్తుంది. పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం 1,96,000.

అది ఇలా విడిపోతుంది: అమ్మీకి 24,500, ఒక్కో కొడుక్కి 68,600, కూతురికి 34,300. వేరే ఆదాయం లేకపోతే వీళ్లలో ఎవరికీ పన్ను పడదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 4 లక్షల దాకా పన్ను లేదు. ఊళ్లో ఉండే మనిషికి మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనంతవరకు సెక్షన్ 87ఏ రిబేటు వల్ల మామూలు ఆదాయం మీద కట్టాల్సింది ఏమీ ఉండదు. అయితే ఆదాయం 4 లక్షలు దాటితే, పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

అదే ఆస్తి ఫర్మ్ పేరున ఉంటే

ఇప్పుడు అవే గదులను ఫర్మ్ ఆస్తిగా మార్చారనుకుందాం. ఫర్మ్‌కు వేరే పాన్, వేరే రిటర్న్. ఫర్మ్‌కు 4 లక్షల మినహాయింపు లేదు, రిబేటు లేదు. మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. ఆదాయం కోటి దాటితే 12 శాతం సర్‌చార్జి కూడా.

పైన చెప్పిన 1,96,000 మీద 30 శాతం అంటే 58,800. సెస్సు 2,352. మొత్తం 61,152 రూపాయలు. నాలుగు గదుల మీద రెండున్నర నెలల బాడుగ కంటే ఎక్కువ. విడివిడిగా చూపించి ఉంటే సున్నా అయ్యే చోట ఇంత కట్టాలి.

ఫర్మ్ పన్ను కట్టాక మిగిలిన లాభంలో భాగస్వామికి వచ్చే వాటా మీద మళ్లీ పన్ను ఉండదు. సెక్షన్ 10(2ఏ) ఆ మినహాయింపు ఇస్తుంది. "మాకు పన్ను లేదు" అని భాగస్వాములు అనుకోవడానికి కారణం ఇదే. వాళ్ల బదులు ఫర్మ్ ముందే కట్టేసింది, అంతే తేడా.

ఇంకొకటి. ఆదాయం లేకపోయినా, నష్టం వచ్చినా ఫర్మ్ ప్రతి ఏటా రిటర్న్ వేయాల్సిందే. గదులు ఖాళీగా ఉన్న కరువు ఏడాదిలో కూడా ఈ పని తప్పదు.

జీతం రాసుకుంటే సరిపోదా?

ఇక్కడ రెండో సలహా వస్తుంది: "భాగస్వాములకు జీతం రాసేయండి, ఫర్మ్‌కు లాభమే మిగలదు." వ్యాపార ఆదాయం ఉన్న ఫర్మ్‌కు ఇది చట్టంలో ఉన్న దారే. సెక్షన్ 40(బి) ప్రకారం పనిచేసే భాగస్వాములకు డీడ్‌లో రాసుకున్న జీతాన్ని ఖర్చుగా చూపొచ్చు. 2024-25 నుంచి మొదటి 6 లక్షల పుస్తక లాభం మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ పైన లాభం మీద 60 శాతం. పెట్టుబడి మీద వడ్డీ రాసుకుంటే ఏడాదికి 12 శాతం దాకా ఒప్పుకుంటారు. వడ్డీ వద్దనుకునే కుటుంబం డీడ్‌లో ఆ క్లాజు పెట్టాల్సిన పని లేదు. చట్టం బలవంతం చేయదు.

అయితే బాడుగ "ఇంటి ఆదాయం" కింద పడినప్పుడు ఈ జీతం, వడ్డీ ఏవీ తీసివేయడానికి వీల్లేదు. ఆ తల కింద ఉన్నవి లెక్కపెట్టినన్నే: యజమాని కట్టిన ఇంటి పన్ను, 30 శాతం మినహాయింపు, ఇంటి కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ. వాచ్‌మన్ జీతం, బ్రోకర్ కమీషన్, సున్నం, రంగులు అన్నీ ఆ 30 శాతంలోనే.

జీతం దారిలో కనిపించని దెబ్బ ఒకటి ఉంది. జీతం పనిచేసే భాగస్వామికే చెల్లుతుంది. బాడుగ అంతా ఊళ్లో ఉన్న అన్నదమ్ముల జీతంగా రాసేస్తే ఫర్మ్ లాభం సున్నా. లాభం సున్నా అయితే అమ్మీ వాటా సున్నా, చెల్లెలి వాటా సున్నా. పన్ను మిగిల్చుకోబోయి హిస్సా మింగినట్టే అవుతుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి మరో నిబంధన కలిసింది. ఫర్మ్ ఒక భాగస్వామికి ఏడాదిలో జీతం, బోనస్, కమీషన్, వడ్డీ అన్నీ కలిపి 20,000 దాటి ఇస్తే సెక్షన్ 194టీ కింద 10 శాతం టీడీఎస్ కోయాలి. అంటే ఫర్మ్ టాన్ నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ వేయాలి. లాభంలో వాటాకు ఈ కోత లేదు.

బాడుగా, వ్యాపారమా: కోర్టులు ఏమన్నాయి

కొందరు బాడుగను వ్యాపార ఆదాయంగా చూపించాలనుకుంటారు. డీడ్‌లో "బాడుగలకు ఇవ్వడమే మా వ్యాపారం" అని రాసుకుంటే చాలదు. 2015లో చెన్నై ప్రాపర్టీస్ కేసులో ఆస్తులు కొని బాడుగకు ఇవ్వడమే అసలు పనిగా ఉన్న కంపెనీకి అది వ్యాపార ఆదాయమే అని సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో రాజ్ దాదర్కర్ అండ్ అసోసియేట్స్ కేసు వచ్చింది. అది బొంబాయిలోని పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. కార్పొరేషన్ నుంచి మార్కెట్ స్థలం తీసుకుని, అంగళ్లు కట్టి, చిన్న వ్యాపారులకు ఇచ్చి డబ్బు వసూలు చేసింది. అదే తమ వ్యాపారమని డీడ్‌లో ఉంది. సుప్రీంకోర్టు మాత్రం డీడ్‌లో రాసిన మాట ఒక్కటే చూసి తేల్చలేమని, దాన్ని ఇంటి ఆదాయంగానే లెక్కించాలని తీర్పు ఇచ్చింది.

నివాస ఇళ్ల సంగతి ఇంకా తేలిక. 2024 ఫైనాన్స్ చట్టం వచ్చాక యజమాని నివాస ఇంటిని బాడుగకు ఇస్తే దాన్ని వ్యాపార ఆదాయంగా చూపించే వీలే లేదు.

మధ్య దారి: ఆస్తి మనది, చూసుకునేది ఫర్మ్

ఆస్తి వారసుల పేరునే ఉంచి, వసూళ్లు, రిపేర్లు, కరెంటు బిల్లుల పని మాత్రం ఒక ఫర్మ్‌కు అప్పగించడం మరో పద్ధతి. ఇది చట్టానికి సరిపోతుంది, కానీ నాలుగు జాగ్రత్తలు కావాలి.

ఒకటి, ఫర్మ్ వసూలు చేసినా బాడుగ యజమానులదే. ఫర్మ్ చేతికి 24,000 వచ్చి, 2,000 ఫీజు పట్టుకుని 22,000 పంచితే, యజమానులు తమ రిటర్న్‌లో 24,000 మీద లెక్క చూపాలి, 22,000 మీద కాదు.

రెండు, ఆ 2,000 ఫర్మ్‌కు వ్యాపార ఆదాయం. దానికి మాత్రమే ఫర్మ్ రిటర్న్‌లో పన్ను లెక్క. ఫీజును యజమాని వేరే ఖర్చుగా చూపలేడు.

మూడు, బాడుగ అగ్రిమెంటులో యజమానుల పేర్లు, పాన్ నంబర్లు, వాటాలు ఉండాలి. ఫర్మ్ పాన్ ఇస్తే టీడీఎస్ ఫర్మ్ ఖాతాలో కనబడుతుంది, ఆదాయం ఇంకొకరి రిటర్న్‌లో ఉంటుంది. పోర్టల్‌లోని వార్షిక సమాచార పత్రంతో తేడా వస్తే నోటీసు వస్తుంది.

నాలుగు, ఫర్మ్ తానే బాడుగకు తీసుకుని ఇంకొకరికి ఎక్కువకు ఇస్తే లెక్క మారిపోతుంది. ఫర్మ్ యజమాని కాదు కాబట్టి 30 శాతం మినహాయింపు సాధారణంగా రాదు. లీజు హక్కు 12 ఏళ్లు, అంతకంటే ఎక్కువ కాలానిదైతే చట్టం ఫర్మ్‌నే యజమానిగా భావించవచ్చు.

బాడుగదారు కోసే టీడీఎస్

బాడుగదారు బ్యాంకో కంపెనీయో అయితే, లేదా పెద్ద వ్యాపారం ఉన్న వ్యక్తి అయితే, 2025 ఏప్రిల్ నుంచి నెలకు 50,000 దాటిన బాడుగ మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు. వాటాలు కచ్చితంగా తెలిసిన ఉమ్మడి యజమానులకు ఈ 50,000 హద్దు ఒక్కొక్కరికి విడిగా చూస్తారు. అగ్రిమెంటులో వాటాలు రాయడం వల్ల లాభం ఇది. మామూలు వ్యక్తి నెలకు 50,000 దాటి బాడుగ కడితే 2024 అక్టోబర్ నుంచి 2 శాతం.

గల్ఫ్‌లో ఉండే వారసుడి సంగతి వేరు. ఆయన పన్ను లెక్కన ప్రవాసి అయితే, బాడుగ ఎంత చిన్నదైనా ఆయన వాటా మీద బాడుగదారు 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం కోయాలి. మన ఉదాహరణలో కువైట్ కొడుకు ఏటి వాటా లక్ష దగ్గర. కోత 30,000 పైమాటే. ఇండియాలో వేరే ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి ఆ డబ్బు వాపసు తీసుకోవచ్చు, లేదా ముందే తక్కువ కోతకు సర్టిఫికెట్ అడగవచ్చు. ఈ డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడాలి. ప్రవాసికి 87ఏ రిబేటు రాదు.

జీఎస్టీ ఎప్పుడు

ఒక్కో యజమానికి లేదా ఫర్మ్‌కు ఏడాది సేవల రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. వ్యాపార గదుల బాడుగ మీద 18 శాతం. ఊరి బజారు గదులకు ఈ హద్దు దాకా రావడం అరుదు. జీఎస్టీ ఉన్న బ్యాంకో కంపెనీయో జీఎస్టీ లేని యజమాని దగ్గర వ్యాపార గది తీసుకుంటే, 2024 అక్టోబర్ 10 నుంచి ఆ పన్ను బాడుగదారే నేరుగా కట్టాలి. యజమాని బాడుగలోంచి కోయనివ్వకూడదు.

పిల్లల పేరున, భార్య పేరున

పన్ను కోసం ఆస్తిని భార్యకు హిబా చేస్తే, హిబా చెల్లుతుంది కానీ పన్ను తప్పదు. బదులు ఏమీ తీసుకోకుండా భార్యకు ఇచ్చిన ఇంటికి పన్ను లెక్కలో భర్తనే యజమానిగా చూస్తారు. మైనర్ పిల్లల వాటా బాడుగ తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది. తండ్రి లేకపోతే, పెంచుతున్న తల్లి ఆదాయంలో. భాగస్వామ్య చట్టం సెక్షన్ 30 ప్రకారం మైనర్ భాగస్వామి కాలేడు. అందరూ ఒప్పుకుంటే లాభాల్లో మాత్రం చేర్చుకోవచ్చు.

ఫర్మ్‌లోకి పోవడం తేలిక, బయటికి రావడం ఖరీదు

సొంత ఆస్తిని ఫర్మ్‌లో పెట్టుబడిగా వేస్తే, పుస్తకాల్లో ఎంత విలువ రాశారో అంతకు అమ్మినట్టు లెక్క. సెక్షన్ 45(3) కింద వేసినవాళ్లకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను రావచ్చు. ఫర్మ్ రద్దయి ఆస్తి తిరిగి భాగస్వాములకు ఇచ్చేటప్పుడు సెక్షన్ 9బి, 45(4) కింద ఫర్మ్‌కు మళ్లీ పన్ను పడొచ్చు. డీడ్‌లో వేరే రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతోనే ఫర్మ్ రద్దవుతుంది. విరాసత్‌తో వచ్చినప్పుడు లేని పన్ను ఇలా రెండుసార్లు ఎదురొస్తుంది. పైగా ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే ఒప్పందం మీద బయటివాళ్ల మీదా, భాగస్వాములు ఒకరి మీద ఒకరూ కోర్టుకెళ్లే హక్కు చాలావరకు ఉండదు.

ఏ ఫారం ఎవరికి

ఉమ్మడి యజమాని అయి, వ్యాపారం లేని వ్యక్తికి ఐటీఆర్-2 సరిపోతుంది. ఇంటి ఆదాయం షెడ్యూలులో మిగతా యజమానుల పేర్లు, పాన్, వాటా శాతం నింపే గడులు ఉంటాయి. ఏ ఫర్మ్‌లోనైనా భాగస్వామి అయితే ఐటీఆర్-3. ఫర్మ్‌కు, ఎల్‌ఎల్‌పీకి ఐటీఆర్-5. ఐటీఆర్-2 గడువు మామూలుగా జూలై 31. ఆడిట్ అవసరమైన ఫర్మ్‌కు అక్టోబర్ 31. గడువు మార్పులు ఉంటాయి కాబట్టి ఆ ఏటి తేదీ పోర్టల్‌లో చూసుకోవాలి. ఆలస్యమైతే 5,000 దాకా ఫీజు, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000.

బాడుగదారు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేదైతే అది ఆదాయం కాదు. బాడుగలోంచి తీసేసుకున్న రోజున ఆ మేరకు ఆదాయమే. పాత బకాయి ఇప్పుడు వసూలైతే వచ్చిన ఏడాది లెక్కలోనే చూపాలి. దానికీ 30 శాతం మినహాయింపు ఉంది.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

ఆస్తి పత్రం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులందరూ సంతకం చేసిన వాటాల పత్రం, అందరి పేర్లతో బాడుగ అగ్రిమెంటు, ఇంటి పన్ను రసీదులు, ఎవరి వాటా వాళ్ల ఖాతాకు పంపిన బ్యాంకు లెక్క. ఈ ఏడూ ఒక ఫైల్లో ఉంటే ఫర్మ్ లేకుండానే లెక్క సులువు అవుతుంది.

చివరి కాగితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పన్ను చట్టం దృష్టిలో యజమాని ఎవరో వాళ్లదే ఆదాయం, డబ్బు చేతికి వచ్చిందా లేదా అన్నది తర్వాతి మాట. చెల్లెలి వాటా 17.5 శాతం అని రిటర్న్‌లో రాసి, ఏడాదికి ఆమెకు రావాల్సిన 49,000 పంపకపోతే ఆ కాగితం అబద్ధం చెబుతున్నట్టు. పండగకు పంపే చీర ఈ లెక్కలోకి రాదు. నెలనెలా ఆమె ఖాతాలో పడే నాలుగు వేల చిల్లర సాయం కాదు, ఆమె హిస్సా. అది సమయానికి చేరితే పన్ను లెక్కా సరిపోతుంది, ఇంట్లో లెక్కా సరిపోతుంది.